కంపెనీ స్పీకర్లు మార్చే ముందు కారు డోర్ సంగతి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కారుతో పాటే వచ్చిన టచ్‌స్క్రీన్ స్టీరియో, నాలుగు డోర్లలో నాలుగు స్పీకర్లు ఉన్నాయి. పాటలో గొంతు దుప్పటి కప్పినట్టు వస్తోంది. సౌండ్ కాస్త పెంచితే బాస్ పగిలిపోయి డోర్ గలగలలాడుతోంది. ఒకరు స్టీరియో మార్చమన్నారు, ఇంకొకరు డిక్కీలో పెద్ద వూఫర్ పెట్టించమన్నారు. మీరు ఎలక్ట్రికల్ పని ఎప్పుడూ చేయలేదు, అయినా సొంతంగా చేసుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు డోర్లు రెండింటితో మొదలుపెట్టండి. అక్కడ కూడా స్పీకర్ కన్నా ముందుగా డోర్‌నే సిద్ధం చేయండి. స్టీరియోను ఇప్పుడే కదిలించొద్దు. వెనక స్పీకర్లను అలాగే వదిలేయండి. డోర్లకు డ్యాంపింగ్ (రేకు మోగకుండా షీట్ అతికించడం), ముందు స్పీకర్లు అయ్యాక కొన్నాళ్లు వినండి. ఇంకా కావాలనిపిస్తే నాలుగు చానెళ్ల చిన్న యాంప్ (స్పీకర్లకు పవర్ పెంచే పెట్టె), ఆ తర్వాతే వూఫర్. చాలామందికి మొదటి దశతోనే తృప్తి కలుగుతుంది. ఆ దశకు ఎలక్ట్రికల్ అనుభవం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

నేను చాలా ఏళ్లుగా కార్ ఆడియో ఫిటింగ్ చేస్తున్నాను. మీకు సలహా ఇచ్చిన ఇద్దరి మాటా ఎందుకు పక్కన పెట్టమంటున్నానో చెబుతాను.

స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందు వైపు గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనక వైపు గాలి పలచబడుతుంది. అంటే ముందు పుట్టే శబ్దానికి, వెనక పుట్టే శబ్దం సరిగ్గా వ్యతిరేకం. ఈ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పై ఫ్రీక్వెన్సీల్లో ఇది పెద్దగా తెలియదు. కింది ఫ్రీక్వెన్సీల్లో మాత్రం తరంగాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఏ చిన్న సందు దొరికినా చుట్టూ తిరిగి వచ్చేస్తాయి, బాస్ మాయమైపోతుంది. ఇంట్లో స్పీకర్‌ను చెక్క పెట్టెలో బిగించేది ఈ వెనక శబ్దాన్ని ఆపడానికే. కారులో ఆ పెట్టె పని డోరే చేయాలి.

మరి డోర్ ఎలా ఉంటుంది? డోర్ ప్యాడ్ (లోపలి తొడుగు) విప్పి చూస్తే లోపలి రేకుకు చెయ్యి దూరేంత పెద్ద పెద్ద రంధ్రాలు ఉంటాయి. అద్దం మోటార్, లాక్ బిగించడానికి వదిలినవి అవి. వాటి మీద పలచటి ప్లాస్టిక్ పొరో, ఫోమ్ పొరో అతికించి ఉంటుంది. అది నీళ్లను ఆపుతుందే గాని శబ్దాన్ని ఆపదు. బయటి రేకు కూడా పలచనే, వేలితో కొడితే మోగుతుంది. ఇలాంటి డోర్‌లో ఎంత ఖరీదైన స్పీకర్ బిగించినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

ఒకాయన మంచి కాంపొనెంట్ సెట్ (పెద్ద స్పీకర్, సన్నటి శబ్దాలు పలికే చిన్న ట్వీటర్ విడివిడిగా ఉండేది) బిగించుకుని, పాత కంపెనీ స్పీకర్లకున్న బాస్ కూడా దీనికి లేదని బాధపడుతూ వచ్చాడు. డోర్ ప్యాడ్ విప్పితే, అడాప్టర్ రింగుకూ (స్పీకర్‌ను డోర్‌కు సరిపెట్టే చట్రం) రేకుకూ మధ్య ఒక పక్క వేలు దూరేంత సందు కనిపించింది. పాత కంపెనీ స్పీకర్‌కు చుట్టూ సొంత రబ్బరు సీల్ ఉంటుంది, కొత్తదానికి అది లేదు. రింగు వెనక ఫోమ్ గ్యాస్కెట్ వేశాం, రేకు రంధ్రాలు మూశాం, బయటి రేకుకు డ్యాంపింగ్ షీట్ అతికించాం. స్పీకర్లు అవే, స్టీరియో అదే. డ్రమ్ దెబ్బకు బరువు వచ్చింది, ఆయన వూఫర్ ఆలోచన మానుకున్నాడు.

డబ్బు పెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. స్టీరియో సెట్టింగుల్లోకి వెళ్లి ఈక్వలైజర్ అంతా సున్నా దగ్గర పెట్టండి. బాస్ బూస్ట్, లౌడ్‌నెస్, సరౌండ్ లాంటివన్నీ ఆపేయండి. బ్లూటూత్‌లో వింటుంటే ఫోన్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, కంట్రోల్ స్టీరియో దగ్గర చేయండి. పాటల యాప్‌లో క్వాలిటీ సెట్టింగ్ ఎక్కువలో పెట్టండి. అదే పాటను ఒకసారి యూఎస్‌బీ కేబుల్ ద్వారా కూడా విని పోల్చండి. ఫేడర్‌ను (ముందు, వెనక స్పీకర్ల మధ్య సౌండ్ పంచే సెట్టింగ్) కాస్త ముందుకు జరపండి. గొంతు మూసుకుపోయినట్టు ఉండటానికి ఎవరో ఎప్పుడో బాస్‌ను బాగా పెంచి వదిలేయడమే కారణం కావచ్చు. స్పీకర్ పగిలినట్టు మోగడానికి కూడా అదే కారణం అవుతుంది, ఎందుకంటే స్టీరియో లోపలి యాంప్‌కు ఉన్న కొద్ది బలమూ ఆ బాస్ కిందే ఖర్చయిపోతుంది.

ఇప్పుడు డోర్ పని.

డోర్ ప్యాడ్ విప్పడమంటే భయపడతారు గాని అందులో కష్టమేమీ లేదు. స్క్రూలు సాధారణంగా హ్యాండిల్ గుంటలో, చేయి పట్టే కప్పు అడుగున, చిన్న ప్లాస్టిక్ మూతల వెనక దాక్కుని ఉంటాయి. అన్నీ తీశాక ప్లాస్టిక్ ప్రై టూల్‌ను అంచు కిందకు తోసి క్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీయాలి. ఇనుప స్క్రూడ్రైవర్ వాడితే పెయింట్ గీసుకుపోతుంది. ప్యాడ్ వదిలాక ఒక్కసారిగా లాగేయకండి. వెనక లోపలి హ్యాండిల్ కేబుల్, అద్దం స్విచ్ కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్‌లు) ఉంటాయి. ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. మీ కారు మోడల్ క్లిప్పులు కొన్ని ముందే కొని పెట్టుకోండి, ఒకటో రెండో విరగడం మామూలే. క్లిప్ లేకుండా ప్యాడ్ బిగిస్తే తర్వాత అదే గలగలకు మూలం అవుతుంది.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్, ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి. కొన్ని కార్లలో డోర్ లోపల సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించిన సెన్సార్ ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా దాని కప్లర్ పీకితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, స్కానర్ పెడితే గాని అది పోదు. ఇంకో సంగతి, ఈ సెన్సార్లలో కొన్ని డోర్ లోపలి గాలి ఒత్తిడి మార్పును బట్టి ప్రమాదాన్ని గుర్తిస్తాయి. మీ కారులో అలాంటిది ఉంటే లోపలి రేకు రంధ్రాలను మీ ఇష్టం వచ్చినట్టు మూయకూడదు. కంపెనీ పొరను అలాగే ఉంచి, బయటి రేకు డ్యాంపింగ్, స్పీకర్ గ్యాస్కెట్ల వరకే చేయండి. సెన్సార్ మీద షీట్ అతికించడం ఏ కారులోనూ చేయకండి. బ్యాటరీ తీస్తే కొన్ని స్టీరియోలు కోడ్ అడుగుతాయి కాబట్టి ఆ కోడ్ ముందే వెతికి పెట్టుకోండి.

నీళ్లు ఆపే పొర నల్లటి జిగురుతో అతికి ఉంటుంది. నెమ్మదిగా ఒక మూల నుంచి లాగండి, జిగురు తీగలా సాగుతూ వస్తుంది, బ్లేడుతో కోసుకుంటూ పోండి. వానలో అద్దం మీది నీళ్లు డోర్ లోపలికే జారతాయి, అడుగున ఉన్న సన్నటి రంధ్రాల గుండా బయటికి పోతాయి. ఆ రంధ్రాలను షీట్‌తో మూసేస్తే డోర్ లోపల తుప్పు పడుతుంది. పొరను సరిగ్గా అతికించకపోతే కాళ్ల కింద మ్యాట్ తడుస్తుంది.

తర్వాత బయటి రేకు. చెయ్యి లోపలికి పెట్టి రేకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, దుమ్ము, జిడ్డు ఉంటే షీట్ నిలవదు. అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ రబ్బరు షీట్ తీసుకోండి. తారు షీట్లు చౌకగా దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. ఎండలో డోర్ కాలిపోతున్నప్పుడు వాసన వస్తాయి, జారిపోతాయి. రేకు మొత్తం కప్పాల్సిన పని లేదు. పెద్ద బల్లపరుపు భాగాల మధ్యలో, మొత్తం విస్తీర్ణంలో పావు నుంచి మూడో వంతు అతికిస్తే కంపనం చాలావరకు చచ్చిపోతుంది. అంతకు మించి అతికించే కొద్దీ బరువు పెరిగినంతగా ఫలితం పెరగదు. స్పీకర్‌కు సరిగ్గా వెనక ఉన్న చోట మాత్రం తప్పకుండా అతికించండి. రోలర్‌తో గట్టిగా రుద్దండి, షీట్ మీది గళ్ల అచ్చు చదునయ్యేదాకా రుద్దాలి. పని సరిగ్గా జరిగిందో లేదో చెవే చెబుతుంది: షీట్ వేయకముందు వేలి కణుపుతో రేకు మీద కొడితే ఠంగుమని సాగే మోత, వేశాక ధబ్‌మని అక్కడికక్కడే ఆగిపోయే శబ్దం.

లోపలి రేకు పెద్ద రంధ్రాలకు ఉత్త షీట్ అతికిస్తే అది స్పీకర్ గాలికి ఊగుతుంది. రంధ్రం కొలతకు గట్టి ప్లాస్టిక్ ముక్కో, పలచటి అల్యూమినియం రేకో కత్తిరించి పెట్టి, దాని మీద షీట్ వేయండి. రేపు అద్దం మోటార్ పాడైతే మెకానిక్ విప్పుకోవడానికి వీలుగా ఉండాలన్నది మనసులో పెట్టుకోండి. మూసే ముందు, పీకిన కప్లర్లన్నీ తిరిగి తగిలించి, బ్యాటరీ తాత్కాలికంగా కలిపి అద్దాన్ని పూర్తిగా దించి, ఎత్తి చూడండి. ఏదీ తగలకూడదు.

స్పీకర్ల ఎంపికలో డబ్బా మీది పెద్ద అంకెను చూడకండి. మ్యాక్స్ పవర్, పీక్ పవర్ అని రాసేవన్నీ అమ్మకం కోసం రాసినవి. చూడాల్సినవి ఆర్‌ఎంఎస్ (ఆగకుండా మోయగల అసలు పవర్), సెన్సిటివిటీ (అంతే పవర్‌కు ఎంత సౌండ్ ఇస్తుందో చెప్పే అంకె), ఓమ్‌లు (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు), లోతు. మీ స్టీరియో మీద 50 వాట్లు చొప్పున నాలుగు అని రాసి ఉండొచ్చు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో వోల్టేజ్ 14.4 దాకా ఉంటుంది. ఆ వోల్టేజ్‌తో 4 ఓమ్‌ల స్పీకర్‌కు పగలకుండా ఇవ్వగలిగిన పవర్ కాగితం మీద లెక్క వేసినా 26 వాట్లు దాటదు. నష్టాలు పోను చేతికి వచ్చేది చానెల్‌కు 15 నుంచి 20 వాట్లు. అందుకే యాంప్ లేకుండా కంపెనీ స్టీరియోతోనే నడపాలనుకుంటే సెన్సిటివిటీ ముఖ్యం. 3 డెసిబెల్స్ ఎక్కువ ఉన్న స్పీకర్ సగం పవర్‌తోనే అంత సౌండ్ ఇస్తుంది. 86 డెసిబెల్స్ స్పీకర్‌కు, 92 డెసిబెల్స్ స్పీకర్‌కు మధ్య తేడా నాలుగు రెట్ల పవర్‌తో సమానం. బరువైన కోన్ ఉన్న ఖరీదైన స్పీకర్‌ను యాంప్ లేకుండా కంపెనీ స్టీరియోకు తగిలిస్తే పాతదాని కన్నా చిన్నగా వినిపించడానికి కారణం ఇదే.

ఓమ్‌ల విషయం కూడా చూసుకోండి. కారులో పేరున్న ప్రీమియం ఆడియో ప్యాకేజీ ఉంటే స్పీకర్లు 2 ఓమ్‌లవి కావచ్చు. వాటి బదులు 4 ఓమ్‌లవి పెడితే సౌండ్ తగ్గుతుంది. 4 ఓమ్‌ల స్టీరియోకు 2 ఓమ్‌లవి పెడితే లోపలి చిప్ వేడెక్కి కాలిపోవచ్చు. పాత స్పీకర్ కప్లర్ పీకి మల్టీమీటర్‌తో కొలవండి. 4 ఓమ్‌ల స్పీకర్ సుమారు 3.2 నుంచి 3.8 చూపిస్తుంది, 2 ఓమ్‌లది అందులో సగం చూపిస్తుంది.

లోతు కొలిచేటప్పుడు అద్దం పూర్తిగా కిందికి దించి కొలవాలి. అయస్కాంతం అద్దానికి తగిలితే ఎంత మంచి స్పీకర్ అయినా పనికిరాదు. ముందు డోర్లలో ఎక్కువగా 6.5 అంగుళాల సైజు పడుతుంది, అయినా కొనే ముందు మీ డోర్ కొలుచుకోండి.

మీ కారులో డ్యాష్‌బోర్డు మీదో, అద్దం మూల త్రికోణంలోనో కంపెనీ ట్వీటర్ ఉంటే కాంపొనెంట్ సెట్ తీసుకోండి. గొంతు కాళ్ల దగ్గర్నుంచి కాకుండా ఎదురుగా వచ్చినట్టు వినిపిస్తుంది. మీరు చెప్పిన దుప్పటి కప్పినట్టుండే లోపం సగం ఇక్కడే తీరుతుంది. ట్వీటర్ చోటు లేకపోతే కోయాక్సియల్ (ట్వీటర్ స్పీకర్ మధ్యలోనే ఉండేది) చాలు. ట్వీటర్‌తో వచ్చిన క్రాసోవర్‌నో, చిన్న కెపాసిటర్‌నో వదిలేయకండి. కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది అదే, అది లేకుండా నేరుగా కలిపితే ట్వీటర్ కాలిపోతుంది. ట్వీటర్ కోసం ముందు అద్దం పక్క పిల్లర్ తొడుగు విప్పాల్సి వస్తే అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉందేమో చూడండి. ఉంటే వైరు దాని ముందు నుంచి లాగకూడదు, వెనక నుంచే పోవాలి.

బిగించడంలో మూడు విషయాలు. అడాప్టర్ రింగు ప్లాస్టిక్‌దై ఉండాలి, ఎండీఎఫ్ చెక్క రింగులు డోర్ తేమకు ఉబ్బిపోతాయి. రింగు వెనక ఒక ఫోమ్ గ్యాస్కెట్, స్పీకర్ ముందు నుంచి డోర్ ప్యాడ్ జాలీ దాకా ఇంకో ఫోమ్ రింగ్ వేయండి. రెండోది చాలామంది వేయరు. అది లేకపోతే స్పీకర్ సౌండ్‌లో కొంత డోర్ ప్యాడ్ వెనకే తిరుగుతూ ప్యాడ్‌ను మోగిస్తుంది. ఇక వైర్లు: కంపెనీ కప్లర్‌ను కోయొద్దు. మీ కారు కప్లర్‌కు సరిపోయే అడాప్టర్ వైరు దొరుకుతుంది. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టడం డోర్‌లో నిలవదు, వేడికి టేపు జిగురు కారి ఊడిపోతుంది. క్రింప్ చేయండి, లేదా సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేయండి.

పోలారిటీని (ఏది ప్లస్, ఏది మైనస్ అన్నది) వైరు రంగులు చూసి నమ్మకండి, పరీక్షించండి. ఒక మామూలు 1.5 వోల్టుల సెల్ తీసుకుని స్పీకర్ టెర్మినళ్లకు ఒక్క క్షణం తాకించండి. సెల్ ప్లస్ తగిలిన టెర్మినల్ స్పీకర్ ప్లస్ అయితే కోన్ బయటికి దూకుతుంది. ట్వీటర్‌కు ఈ పరీక్ష చేయొద్దు. వైరు ఏది ప్లస్సో తెలియడానికి, పాత స్పీకర్‌ను స్టీరియో నుంచి విడదీశాక దానికీ ఇదే పరీక్ష చేసి, దాని ప్లస్‌కు వచ్చే వైరు గుర్తు పెట్టుకోండి. రెండు ముందు స్పీకర్లలో ఒకటి తిరగబడితే బాస్ ఉన్నట్టుండి పలచబడుతుంది, గొంతు మధ్యలో నిలబడకుండా తల చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటుంది. కొత్త స్పీకర్లు బాగాలేవని చెప్పేవాళ్ల కార్లలో నేను మొదట చూసేది ఇదే. బ్యాలెన్స్‌ను (ఎడమ, కుడి స్పీకర్ల సెట్టింగ్) ఒక పక్కకు తిప్పగానే బాస్ పెరిగినట్టు అనిపిస్తే ఒకటి తిరగబడిందనే అర్థం.

డోర్ ప్యాడ్ మూసే ముందు లోపలి వైర్లకు, లాక్ కడ్డీలకు, వేలాడే కప్లర్లకు గుడ్డ టేపు చుట్టండి. మూశాక ఫోన్‌లో 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ పెట్టి, దాన్ని స్టీరియో ద్వారా మోగిస్తూ, అరచేత్తో ప్యాడ్ మీద అక్కడక్కడా నొక్కుతూ వినండి. ఎక్కడ నొక్కితే గలగల ఆగుతుందో అక్కడ లోపల ఏదో వదులుగా ఉంది. పాటలు పెట్టి వెతికితే గంటలు పడుతుంది, టోన్‌తో వెంటనే దొరుకుతుంది.

ఇక్కడ ఆగండి. కొన్ని వారాలు రోజూ తిరిగే దారుల్లో వినండి.

ఇంకా కావాలంటే యాంప్. వాల్యూమ్ పెంచినప్పుడు స్పష్టత చెడకుండా ఉండటమే యాంప్ వల్ల వచ్చే అసలు లాభం. కంపెనీ స్టీరియోకు సాధారణంగా ఆర్‌సీఏ అవుట్‌పుట్ (యాంప్‌కు సిగ్నల్ పంపే సాకెట్) ఉండదు కాబట్టి స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకోవాలి. హై లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైర్ల సిగ్నల్‌ను నేరుగా తీసుకునేది) ఉన్న యాంప్ అయితే వేరే కన్వర్టర్ అక్కర్లేదు. స్టీరియో నుంచి వచ్చే స్పీకర్ మైనస్ వైరును కారు బాడీకి ఎప్పుడూ తగిలించకండి. ఈ స్టీరియోల్లో ప్లస్, మైనస్ రెండింటిలోనూ సిగ్నల్ ఉంటుంది. మైనస్‌ను ఎర్త్ చేస్తే స్టీరియో చిప్ పోతుంది.

ఇప్పటి కార్లలో ఇంకో చిక్కు ఉంది. చిన్న స్పీకర్లు చిరిగిపోకుండా ఉండాలని, వాల్యూమ్ పెరిగే కొద్దీ బాస్‌ను తగ్గించేలా స్టీరియోను కంపెనీ ట్యూన్ చేసి ఉంచుతుంది. మీ కారులో అలా ఉందో లేదో మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి తెలుసుకోవచ్చు. ఒకే లెవెల్‌లో రికార్డ్ చేసిన 60 హెర్ట్జ్ టోన్, 400 హెర్ట్జ్ టోన్ తీసుకోండి. తక్కువ వాల్యూమ్‌లో స్పీకర్ వైర్ల దగ్గర రెండింటి వోల్టేజ్ కొలవండి, ఎక్కువ వాల్యూమ్‌లో మళ్లీ కొలవండి. రెండూ ఒకే నిష్పత్తిలో పెరిగితే సరే. 60 హెర్ట్జ్ వెనకబడితే బాస్‌ను తొక్కుతున్నట్టే, అప్పుడు దాన్ని సరిదిద్దే డీఎస్‌పీ (సిగ్నల్‌ను డిజిటల్‌గా సవరించే చిప్) ఉన్న యాంప్ తీసుకోవాలి. కంపెనీ యాంప్ వేరుగా ఉండి దానికి సిగ్నల్ డిజిటల్‌గా వెళ్లే కార్లయితే, మోడల్‌కు తగిన ఇంటర్‌ఫేస్ లేకుండా చేయి పెట్టకండి. ఆ పని తెలిసినవాళ్లకు ఇవ్వడమే మంచిది.

కరెంటు లెక్క వేసుకుని కేబుల్ కొనండి. చానెల్‌కు 75 వాట్ల చొప్పున నాలుగు చానెళ్లంటే 300 వాట్లు. క్లాస్ డీ అనే రకం యాంప్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి 375 వాట్లు కావాలి. దాన్ని 13.8తో భాగిస్తే సుమారు 27 ఆంపియర్లు. దీనికి 8 గేజ్ పూర్తి రాగి కేబుల్, 40 ఆంపియర్ల ఫ్యూజ్ సరిపోతాయి. వూఫర్ ఎప్పటికైనా పెడతామనుకుంటే ఇప్పుడే ఇంకా లావైన 4 గేజ్ లాగండి, కార్పెట్ రెండుసార్లు ఎత్తే పని తప్పుతుంది. రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ లావుగా కనిపిస్తుంది గాని అదే గేజ్ రాగి కేబుల్ మోసేంత కరెంటు మోయదు.

ఫ్యూజ్ బ్యాటరీ నుంచి కేబుల్ మీద 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. యాంప్ మీద ఫ్యూజ్ ఉంది కదా అనకండి. అది యాంప్‌ను కాపాడుతుంది. ఈ ఫ్యూజ్ కారును, అందులో కూర్చున్న మనుషులను కాపాడుతుంది. కేబుల్ దారిలో ఎక్కడైనా రేకు అంచుకు ఒరుసుకుని తొడుగు తెగితే, ఫ్యూజ్ లేని కేబుల్ బ్యాటరీ మొత్తం కరెంటును లాగి ఎర్రగా కాలుతుంది, కార్పెట్ అంటుకుంటుంది. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కారు లోపలికీ మధ్య ఉండే రేకు గోడ) రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ లేకుండా కేబుల్ లాగిన కార్లు నా దగ్గరికి వచ్చాయి. కొన్నింటిలో తొడుగు అప్పటికే సగం కోసుకుపోయి ఉంది. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దని బతిమాలుతున్నాను.

ఎర్త్ వైరు పొట్టిగా, పవర్ కేబుల్ ఎంత లావో అంత లావుగా ఉండాలి. పెయింట్ గీకి మెరిసే లోహం మీద బిగించండి, తర్వాత తుప్పు పట్టకుండా పైన పెయింటో, గ్రీజో పూయండి. సీటు బెల్టు బోల్టుకు మాత్రం బిగించొద్దు, ప్రాణం కాపాడే బోల్టు అది. ఇంజిన్ రేస్ చేసినప్పుడల్లా స్పీకర్‌లో కీచుమనే శబ్దం పెరుగుతుంటే మొదట అనుమానించాల్సింది ఎర్త్‌నే. ఒక కారులో ఆ కీచు పోవడానికి కేబుళ్లు మార్చారు, ఫిల్టర్ పెట్టారు, ఆఖరికి యాంప్ కూడా మార్చారు. చూస్తే ఎర్త్ రింగు కింద పెయింట్ అలాగే ఉంది. గీకి బిగించగానే శబ్దం ఆగింది. సిగ్నల్, స్పీకర్ వైర్లు ఒక పక్క, పవర్ కేబుల్ ఇంకో పక్క లాగండి.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కు యాంప్‌ను సరిపోల్చే నాబ్ అది. స్పీకర్లు విడదీసి, ఈక్వలైజర్ సున్నాలో పెట్టి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతులో ఉంచి 1000 హెర్ట్జ్ టోన్ పెట్టండి. మీకు కావాల్సిన వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 75 వాట్లు, 4 ఓమ్‌లకు అది 17.3 వోల్టులు. యాంప్ అవుట్‌పుట్‌లో మీటర్ ఆ అంకె చూపేదాకా గెయిన్ మెల్లగా పెంచి ఆపేయండి. తర్వాత ముందు స్పీకర్లకు హై పాస్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. లోతైన బాస్ భారం తగ్గగానే అవే స్పీకర్లు ఎంత హాయిగా పాడతాయో వింటే గాని నమ్మరు.

వూఫర్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఈ పాటికి మీ అవసరం మీకే తెలిసి ఉంటుంది. కారు లోపల చోటు చిన్నది కాబట్టి బాగా కింది ఫ్రీక్వెన్సీలకు సహజంగానే బలం వస్తుంది. సీల్డ్ (గాలి సందు లేని) బాక్సులో ఒక్క 10 అంగుళాల వూఫర్, లేదా సీటు కింద పట్టే యాంప్ కలిసిన చిన్న వూఫర్ పాటలు వినేవాళ్లకు ధారాళంగా సరిపోతుంది. వూఫర్‌కు లో పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, ఫేజ్ స్విచ్‌ను రెండు వైపులా తిప్పి, డ్రైవర్ సీట్లో కూర్చున్నప్పుడు బాస్ ఎటు నిండుగా ఉంటే అటు వదిలేయండి. లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయని పెద్ద కెపాసిటర్ అంటగడతారు, కొనకండి. కేబుల్, ఎర్త్, బ్యాటరీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి.

ఒక హెచ్చరిక. కొన్ని కార్లలో ఇంజిన్ హోరు తగ్గించడానికి కంపెనీయే పైకప్పులో మైకులు పెట్టి, స్పీకర్ల ద్వారా వ్యతిరేక శబ్దం పంపిస్తుంది. అలాంటి కారులో వూఫర్ పెడితే ఆ సిస్టమ్ బాస్‌ను ఇంజిన్ హోరు అనుకుని కలగాపులగం చేస్తుంది. పాట లేకపోయినా వూఫర్ హుంకరిస్తూ ఉంటుంది. అప్పుడు ఆ ఫీచర్‌ను ఆపించుకోవాలి.

డీఎస్‌పీ గురించి అడగలేదు గాని, ఎప్పుడైనా కొంటే టైమ్ అలైన్‌మెంట్ కోసం కొనండి. శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. మీ పక్క డోర్ స్పీకర్ అవతలి దాని కన్నా అర మీటరు దగ్గరగా ఉంటే దాని శబ్దం దాదాపు ఒకటిన్నర మిల్లీసెకను ముందే చేరుతుంది, గొంతు మీ వైపే లాగుతుంది. దగ్గరి స్పీకర్‌ను అంత ఆలస్యం చేస్తే గొంతు డ్యాష్‌బోర్డు మధ్యకు వస్తుంది. టేపుతో కొలిచి అంకెలు పెట్టడమే పని.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కారు అయితే నారింజ రంగు కేబుళ్ల దరిదాపులకు పోకండి, అవి హై వోల్టేజ్‌వి. స్పీకర్ల వరకు పని మామూలు కార్లలాగే ఉంటుంది. యాంప్‌కు కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలో మాత్రం సర్వీస్ మాన్యువల్ చూడకుండా నిర్ణయించొద్దు.

వారంటీ ఇంకా ఉంటే కంపెనీ వైరు ఒక్కటీ కోయకుండా, అడాప్టర్ల మీదే పని నడపండి. తీసిన పాత స్పీకర్లను కొత్తవాటి డబ్బాల్లోనే పెట్టి, ఏది ఏ డోర్‌దో రాసి దాచండి. కారు అమ్మే రోజు వస్తే పాతవి తిరిగి బిగించి, కొత్తవాటిని తర్వాతి కారుకు తీసుకుపోవచ్చు. డ్యాంపింగ్ షీట్లను మాత్రం పీకకండి, అవి ఆ డోర్లకే వదిలేయండి.